ఆఖరి బస్సు కోసం వెలిగే దీపం

రైలు దిగి ట్రామ్ ఎక్కాలన్నా, ట్రామ్ దిగి బస్సు ఎక్కాలన్నా ఆ స్టేషన్‌కి రావలసిందే. పైన రైళ్ళు, మధ్యలో ట్రాములు, కింద బస్సులు. పగలంతా ఇసకేస్తే రాలనంత జనం. కానీ రాత్రి ఆఖరి రైలు ఖాళీ అయ్యాక, కింద బస్సుల వరసలో ఆ చివర ఒంటరిగా నిలబడమంటే మాత్రం... ఎంత మొనగాడైనా నీళ్ళు నమిలేవాడు.

కారణం, అక్కడ గోడకున్న నీలం దీపం.

పైన ప్లాట్‌ఫాం మీద మనిషి మీట నొక్కితే కింద ఆ దీపం వెలుగుతుంది. ప్రయాణికులెవరో మెట్లు దిగి వస్తున్నారని దానర్థం. అది ఆరేదాకా బస్సు కదలకూడదు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆఖరి రైలు దిగినవాళ్ళంతా వెళ్ళిపోయి, పైన గేట్లు కూడా మూసేశాక... దీపం వెలిగేది!

బస్సు ఆగేది. వెనక తలుపు తెరుచుకునేది. ఎవరూ కనబడేవారు కాదు. కానీ వెనకవైపు బస్సు ఓ పిసరు కుంగేది...

ఇది ఊరంతా చాటింది ఆఖరి బస్సు డ్రైవరే. అందరూ ఆయన్ని మీసాలాయన అనేవారు. మీసాల మీద నిమ్మకాయలు నిలబెట్టవచ్చు. గుండె సంగతి అడక్కండి. తన నీడ చూసి తానే ఉలిక్కిపడే రకం. దీపం వెలగగానే వెనక తలుపు మీట నొక్కి, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు.

"ఏమండీ, వెనక్కి మాత్రం తిరిగి చూడకండి," అని భార్య రోజూ హెచ్చరించేది. "చూస్తే మెడ అలాగే ఉండిపోతుందట."

"ఎవరు చెప్పారే?"

"మా అమ్మ."

అప్పట్నుంచి లోపలి అద్దాన్ని కూడా పైకప్పు వైపు తిప్పేశాడు.

"ఒకటే ఫినాయిల్ వాసన కూడానే," అన్నాడు ఒక రాత్రి అన్నం తింటూ.

భార్యకి పొలమారింది. "దెయ్యాలకి... ఆ వాసనే ఉంటుందటండీ," అంది నీళ్ళు తాగి.

ఆఖరి బస్సు రోజూ ఆలస్యమవుతుంటే డిపో ఇన్‌స్పెక్టరు ఊరుకుంటాడా? పిలిపించాడు.

"దీపం వెలిగితే ఆగావు, సరే. ఎక్కిన మనిషేడీ?"

"మనిషి కాదు సార్..." గొంతు తగ్గించాడు మీసాలాయన.

"చాల్లే ఊరుకో. ఈ రాత్రి నేనే వస్తాను. బస్సాపి, ఎవరూ ఎక్కలేదో... రేపట్నుంచి నువ్వు డిపోలో చీపురు పట్టుకుని బస్సులు కడుగుతావు."

మీసాలాయన గుండెల్లో రాయి పడింది. చీపురంటే ఆయనకి అంత తలవంపు. ఆమధ్య మామగారు పోయాక, వెనక వీధిలో ఒక్కతే ఉంటున్న అత్తగారు "ఖాళీగా కూర్చుంటే పొద్దుపోవడం లేదు బాబూ, ఎక్కడైనా ఊడ్చే పనికి పోతాను" అంటే ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "నేను బతికుండగా మీరు ఊళ్ళోవాళ్ళ చెత్త ఎత్తడమా? నలుగురిలో నేను తలెత్తుకోవాలా వద్దా?" అన్నాడు. ఆవిడ "అలాగే బాబూ" అని నోరు మూసుకుంది. అలాంటిది ఇప్పుడు తానే చీపురు పట్టాలా?

ఆ రాత్రి ఇన్‌స్పెక్టరు వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. ఆఖరి ట్రామ్ గంట కొట్టుకుంటూ పోయింది. పైన గేటు మూసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత చీమ చిటుక్కుమనలేదు.

దీపం వెలిగింది.

మీసాలాయన తలుపు తెరిచి కళ్ళు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం వెనక్కి చూస్తూ కూర్చున్నాడు... ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. విసుగొచ్చి, "ఇక పోనీ—" అంటూ ఇటు తిరిగాడో లేదో, బస్సు కుంగింది. ఫినాయిల్ వాసన గుప్పుమంది. దీపం ఆరింది.

ఇన్‌స్పెక్టరు మళ్ళీ వెనక్కి చూశాడు. సీట్లన్నీ ఖాళీ.

"ప... పోనివ్వు," అన్నాడు. ఈసారి గొంతులో దర్పం లేదు.

బస్సు వీధులన్నీ దాటింది. ఆఖరి స్టాపుకి ముందు స్టాపు దగ్గరపడుతుండగా వెనకనుంచి... టింగ్! ఎవరో గంట నొక్కారు.

బస్సు ఆగింది.

"తలుపు తియ్యకు," ఇన్‌స్పెక్టరు గుసగుసలాడాడు. "వెళ్ళి చూడు."

"నేనా సార్?"

"బస్సు నీది కదయ్యా!"

దెయ్యం వైపు నడవాలి, లేదా చీపురు పట్టాలి. మీసాలాయన లేచాడు. సీట్లు పట్టుకుంటూ, మెడ బిగబట్టుకుని, ఒక్కో అడుగే వేశాడు. ఆఖరి సీటు వెనకనుంచి తెల్లటి జుట్టు విరబోసుకున్న తల ఒకటి మెల్లగా పైకి లేచింది...

"అమ్మో!" అన్నాడు ఆయన.

"అయ్యో!" అంది అది.

తల పక్కకి ఒరిగి టకామని కింద పడింది. నేల తుడిచే కర్ర, దాని చివర తెల్లటి నూలు కుచ్చు! వెనకాల, సీట్ల సందులో, ఒళ్ళో బకెట్టు పెట్టుకుని ముడుచుక్కూర్చున్న మనిషి... అత్తగారు!

మెడ పట్టేస్తుందన్న కథ ఎందుకు పుట్టిందో ఆయనకి అప్పుడర్థమైంది.

ఇన్‌స్పెక్టరుకి ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు కోపమూ వచ్చింది. "ఎవరమ్మా నువ్వు? రోజూ ఎక్కేదానివైతే ఈయనకి కనబడవా? ఇద్దరూ కలిసి నాటకమాడుతున్నారా?"

అత్తగారు కంగారుగా లేచి నిలబడబోయింది. మోకాళ్ళు సహకరించలేదు. "తప్పు నాదే బాబూ. పైన రైళ్ళు తుడుస్తాను. మెట్లు తొందరగా దిగలేనని ప్లాట్‌ఫాం అబ్బాయి నా కోసం దీపం వేస్తాడు. ఈ డ్రైవరుగారిదేం లేదు. ఆయనెవరో కూడా నాకు తెలీదు."

ఆయనెవరో తెలీదట! తన పరువు కోసం ఆ ముసలావిడ బకెట్టుతో సహా సీటు సందుల్లో దాక్కుంది. ఇప్పుడు పట్టుబడి కూడా అదే పరువు కాపాడుతోంది. మీసాలాయనకి సిగ్గుతో కళ్ళు చెమర్చాయి. బకెట్టు తన చేతిలోకి తీసుకున్నాడు.

"మా అత్తగారండీ," అన్నాడు గట్టిగా. "స్టేషన్‌లో పనిచేస్తారు. దీపం వెలిగినా వెలగకపోయినా, ఆవిడ ఎక్కేదాకా బస్సు ఆగుతుంది. బస్సులు కడగమంటే కడుగుతాను."

ఇన్‌స్పెక్టరు వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "ప్రయాణికురాలు ఉంది కదా, ఇక కడగడమెందుకు? కానీ ఇంత పెద్ద మీసాలు పెట్టుకుని, దెయ్యానికి ఇంత భయమేమిటయ్యా?"

"అబ్బే, మా అల్లుడుగారికి దెయ్యమంటే భయం లేదండీ," అంది అత్తగారు, కర్ర కూడా ఆయన చేతికే అందిస్తూ. "చీపురంటేనే!"