అమావాస్యనాటి ఆకుపచ్చ గీత

"బోధన్ తాగునీళ్లలో ఈ పొద్దున విషం కలుస్తుంది రాజ్. ఎక్కడో తెలియదు. మనలో ఎవరో విదేశీ ముఠాకి అమ్ముడుపోయారు. పంపు వేసేలోగా ఆపాలి," అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

ఏజెంట్ రాజ్ కిరణ్‌కి వెంటనే అక్క గుర్తొచ్చింది. బోధన్‌లో ఉండే ఎస్తర్ నిండు గర్భిణి, తాగేది ఆ నల్లా నీళ్లే. ఛీ, తాగే నీళ్లలో విషమా! వీళ్ల బతుకు చెడ!

ఫిల్టర్ మెకానిక్ వేషంలో, భుజాన ఇనుప పైపుతో నిజామాబాద్ నీటి సరఫరా కంట్రోల్ రూములో దిగాడు. గోదావరిలో మంజీర కలిసే కందకుర్తి నుంచి, ఆ నీళ్లు తాగే బోధన్ దాకా నీళ్లలో ముంచిన సెన్సార్లు పంపే లెక్కలన్నీ ఒక్క స్క్రీన్ మీద కదులుతున్నాయి. దాని ముందు సుష్మ కూర్చుని ఉంది. పట్టుచీర, ఘాటైన సెంటు. అతనికి సాయపడాల్సిన సొంత డిపార్ట్‌మెంట్ ఏజెంట్.

"మంజీర మీద మబ్బుల్లేవు," అన్నాడు కోడ్‌ మాట.

"ఉన్నా వాన రాదు," బదులిచ్చి నవ్విందామె. "పరేషాన్ గాకు. అన్ని సెన్సార్లు ఆకుపచ్చనే సూపిస్తున్నయ్."

కందకుర్తి సెన్సార్ గీత, నీళ్లు తేటగా ఉన్నట్టు, తిన్నగా ఉంది. రాజ్ దాన్నే చూస్తూ నిలబడ్డాడు. వచ్చేటప్పుడు బస్టాండులో కందకుర్తి బస్సులు ఎంత కిక్కిరిసి ఉన్నాయో గుర్తొచ్చింది.

"మేడం, ఇయ్యాల సోమవారం అమావాస్య. సంగమంల వేలమంది మునుగుతుండ్రు, బురద లేస్తది. నీ సెన్సార్‌కు ఒక్క బురద సుక్క తగల్లేదా?"

సుష్మ నవ్వు ఆగిపోయింది. రాజ్‌కి అర్థమైంది: ఏదో మామూలు రోజు లెక్కలను రికార్డు చేసి, తిప్పి తిప్పి చూపిస్తున్నారు. ఆ సెంటు వాసనకి రాజ్‌కి రోత పుట్టింది. విదేశీ ముఠాకి అమ్ముడుపోయింది ఈమే!

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. చివర సన్నని సూది మెరిసింది. రాజ్ పైపుతో ఒక్కటిచ్చాడు, లిప్‌స్టిక్ ఎగిరి గోడకి తగిలింది. ఆమె చేతులు కట్టేసి, కందకుర్తి పంపు ఆపరేటర్ ఆశన్నకి ఫోన్ చేశాడు.

"అన్నా, స్విచ్ వెయ్యకు!"

"గిప్పుడే చెయ్యి వెట్టిన తమ్మీ! ఏమైంది?"

"తియ్యి చెయ్యి! పంపు బావిల ఇనుప జాలి దగ్గర ఏముందో సూడు."

పరుగెత్తే అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత ఆశన్న దగ్గుతూ మళ్లీ ఫోన్‌లోకి వచ్చాడు.

"థూ, ఏం కంపు! జాలికి డబ్బా కట్టిండ్రు. పంపు తిరిగితే మూత ఊడేటట్టున్నది."

రాజ్ అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. అక్కకి ఫోన్ చేసి, ఏడుపు ఆపుకొని, తిన్నావా అని మాత్రం అడిగాడు.

పోలీసులు తీసుకెళ్తుంటే సుష్మ గుమ్మంలో ఆగింది.

"నోరెండుతుంది. జర నీళ్లియ్యి."

స్క్రీన్ ఇంకా ఆకుపచ్చగానే ఉంది.

"కందకుర్తి నీళ్లు తెప్పియ్యాల్నా మేడం? నీ లెక్కల మస్తు మంచిగున్నయ్ గదా!"