కోతదర్శిని కింద రాజు బొమ్మ

ముందు తలపాగా పోయింది.

లక్క పూసిన రాజు బొమ్మ బల్ల మీద నిలబడి ఉంది. దాని మీదికి గొడుగులా వంగిన యంత్రం నుంచి వెలుతురు పడుతోంది. కళ్లముందే ఎర్రటి తలపాగా నల్లబడింది. తర్వాత పచ్చటి ముఖం, మీసాలు, మెడ. చీకటి మెల్లగా కిందికి దిగుతుంటే ఆ బొమ్మ చేసిన నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఇంతవరకూ కమిషన్," అంది ఆ యంత్రం కనిపెట్టిన డాక్టర్ శర్వాణి. "బొమ్మ ఆన్‌లైన్లో అమ్మిపెట్టినందుకు మహాసంత తీసుకునే వాటా. ఇప్పుడు భుజాలు చూడండి. అది ప్రతి ఆర్డరు మీదా వేసే స్థిర రుసుం. బొమ్మ ఖరీదు ఎంతైనా అది మాత్రం మారదు."

"భుజాలూ పోనాయి."

"ఛాతీ దగ్గర సన్నటి గీత పోయింది, గమనించారా? అది పేమెంట్ గేట్‌వే ఛార్జీ. కొన్నవాళ్ల డబ్బు మీ ఖాతాలోకి దాటించినందుకు."

"డబ్బు రావడానికి కూడా డబ్బు కట్టాలేటమ్మా?"

"కట్టాలి. ఈ రుసుములన్నిటి మీదా మళ్లీ జీఎస్టీ. బొమ్మ మీద పన్ను వేరు, ఇది వేరు. ఇక మిగిలింది పోయిన నెల పెట్టెలకి పడిన రవాణా."

రవాణా అన్నదే తడవు, చీకటి నడుము దాటి, తొడలు దాటి, మోకాళ్ల దగ్గరికొచ్చి ఆగింది. ఆరు వందల రూపాయల రాజుకి రంగుతో మిగిలింది రెండు కాళ్లు మాత్రమే. కర్ర, లక్క, కూలి అన్నీ ఆ కాళ్లలోంచే రావాలి.

ఆ యంత్రం పేరు కోతదర్శిని. అది పనిచేసే తీరు తెలిస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఎర్రటి వస్తువు మీద ఎరుపు లేని వెలుతురు వేస్తే అది నల్లగా కనబడుతుంది. ఏ రంగుకైనా అంతే. యంత్రంలోని కెమెరా బొమ్మ రంగుల్ని చదువుతుంది, అడుగునున్న పళ్లెం బరువు తూస్తుంది, లోపలి కంప్యూటర్ మహాసంత సర్వర్‌ని అడిగి ఆ వస్తువు మీద పడే కోతలన్నీ తెప్పించుకుంటుంది. ధరలో ఎంత భాగం కోతకి పోతుందో, వస్తువులో అంత భాగం మీద దాని రంగు లేని వెలుతురు వేస్తుంది. అంకెలు చూసి కళ్లు తిరిగేవాళ్లకి కూడా బొమ్మ చూస్తే తెలిసిపోవాలని శర్వాణి ఆశ. ఆరేళ్లు దాని మీదే పనిచేసింది.

సర్వర్‌లోకి తొంగిచూడనిచ్చినందుకు మహాసంత ఒక షరతు పెట్టింది. యంత్రం చూసినదంతా తమకీ పంపాలని. ఆ కాగితం శర్వాణి చదివే సంతకం పెట్టింది. చదువుకున్నవాళ్లతో వచ్చే చిక్కే అది, చదివేశాం కాబట్టి అర్థమైపోయిందనుకుంటారు.

నూకరత్నం షెడ్డు వరాహ నది పక్కన, బొమ్మలకి వాడే అంకుడు కర్రల మోపుల మధ్య ఉంటుంది. ఆమె కాక మరో నలుగురు ఆడవాళ్లు అక్కడ పని చేస్తారు. తిరిగే కర్రకి లక్క ఒత్తి, మొగలాకుతో మెరుగు పెడితే రంగు అద్దంలా తేలుతుంది. పూర్వం సంతలో పరిచి అమ్మేవాళ్లు. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి డ్రోన్ వచ్చి పెట్టెల్ని ఎత్తుకుపోతుంది, దేశంలో ఏ మూలకైనా మర్నాటికి చేరుస్తుంది. అమ్మకాలు మూడింతలయ్యాయి. చేతికొచ్చేది మాత్రం నెలనెలా చిక్కిపోతోంది. ఇలాగే సాగితే దసరా నాటికి ఎవరో ఒకరిని ఇంటికి పంపక తప్పదు. షెడ్డు తెరిచిన రోజున, ఇక్కడ చెయ్యి పెట్టిన మనిషిని పొమ్మననని నూకరత్నం అందరి ముందూ మాటిచ్చింది. ఆ మాట పోతుందేమోనన్న భయంతోనే ఆమె కోతదర్శినిని షెడ్డులోకి రానిచ్చింది.

"రవాణా ఇంత ఎందుకవుతోంది? బొమ్మ తేలికే కదా," అని శర్వాణి ఈసారి కట్టిన పెట్టెను పళ్లెం మీద పెట్టింది. బరువు అర కిలో దాటింది, కాస్తలో. "పెట్టెలో ఇంకేముంది?"

నూకరత్నం మూత తీసింది. రాజు బొమ్మ పక్కన, వేళ్లతో తిప్పే బుల్లి బొంగరం ఒకటి కాగితంలో చుట్టి ఉంది. యంత్రం దాని మీద వెలుతురు వేసింది. బొంగరం మొత్తం నల్లబడిపోయింది. తెర మీద అక్షరాలు వచ్చాయి: గుర్తు తెలియని కోత.

"ఇది ఎవరు తీసుకుంటున్నారు?"

నూకరత్నానికి నవ్వొచ్చింది. "ఎవరూ తీసుకోవట్లేదమ్మా, నానే ఇస్తన్నాను. కొసరది. బేరమయ్యాక ఉత్తి చేతుల్తో ఎలాగ పంపుతాం? సంతలోనైనా, గాల్లోనైనా కొసరు కొసరే."

"వాళ్లు అడిగారా?"

"అడిగితే ఇచ్చేది కొసరేటి?"

మూలన కర్ర తిప్పే చిన్న మర ముందు కూర్చున్న సింహాద్రత్త తలెత్తి చూసింది. నూకరత్నానికి ఈ పని నేర్పింది ఆవిడే. పెద్ద బొమ్మలకి చేతులు వణుకుతున్నాయని, కోయగా మిగిలిన కర్రముక్కల్తో బొంగరాలు చేస్తోంది. షెడ్డు నుంచి పోయే ప్రతి పెట్టెలోనూ ఆవిడ బొంగరం ఉంటుంది.

శర్వాణి చాలాసేపు లెక్కలు చూసుకుంది. కమిషన్ తగ్గించమంటే మహాసంత తగ్గించదు. గేట్‌వే తగ్గించదు, జీఎస్టీ తగ్గదు. రవాణాలో అర కిలో దాకా ఒక రేటు, దాటితే ఇంకో రేటు. గీత దాటిస్తున్నది బొంగరమే. కోతలన్నిటిలోనూ వీళ్ల చేతిలో ఉన్నది ఆ ఒక్కటే.

ఆమె బొంగరం తీసి పక్కన పెట్టింది. చీకటి మోకాళ్ల నుంచి నడుము దాకా వెనక్కి జరిగింది. రాజుకి ఎర్ర ధోవతి తిరిగొచ్చింది. షెడ్డులో అందరూ ఒక్కసారి "అబ్బా" అన్నారు.

నూకరత్నం సింహాద్రత్త వైపు చూసింది.

"మానెయ్యే," అంది ఆవిడ. "పిల్లల జీతాలకన్నా బొంగరాలెక్కువేటి? నాను బరిణెల మూతలు నున్నగా చేసుకుంటాన్లే."

ఆ రోజు నుంచి పెట్టెలో బొమ్మ ఒక్కటే వెళ్లింది. దసరాకి అందరికీ జీతాలు అందాయి, కొత్త చీరలు కూడా. శర్వాణి పేరు పత్రికల్లో పడింది. తీరం పొడవునా నేతవాళ్లు, లేసు అల్లేవాళ్లు, అద్దకం వాళ్లు కోతదర్శిని కింద తమ సరుకు పెట్టి చూసుకున్నారు. ఒక్కొక్కరి పెట్టెలోనూ యంత్రానికి ఏదో ఒక గుర్తు తెలియని కోత దొరికింది. ఒకరు రుమాలు, ఒకరు జడకుచ్చు, ఒకరు గుప్పెడు వేరుశనక్కాయలు. అందరూ మానేశారు.

సింహాద్రత్త నాలుగు రోజులు మూతలు రుద్దింది. తర్వాత ఒక పూట వచ్చింది. తర్వాత రాలేదు. ఆవిడను ఎవరూ పొమ్మనలేదు. అందుకే ఎవరూ పిలవడానికి కూడా వెళ్లలేకపోయారు.

ఉత్తరాయణం వచ్చేసరికి కొన్నవాళ్ల నుంచి సందేశాలు రావడం మొదలైంది. కోపమేమీ లేదు వాటిలో. "ఈసారి బొంగరం పెట్టడం మరిచినట్టున్నారు," అని ఒకాయన రాశాడు. "మా పాప పెట్టె విప్పగానే బొంగరం కోసమే వెతుకుతుంది," అని ఒకావిడ. నూకరత్నం వాటిని చదివి, ఆ రోజు పెట్టెలు కట్టే పనిలో పడింది. వేసవి నాటికి ఆ పేర్లు ఆర్డర్లలో కనబడటం మానేశాయి. అప్పుడు తెలిసింది, ఆమె బొమ్మలు కొన్నవాళ్లలో సగంమంది మళ్లీ మళ్లీ కొంటున్నవాళ్లేనని. ఆ సంగతి ఏ వెలుతురుకీ కనబడలేదు. కోతదర్శిని పోయేదాన్ని చూపిస్తుంది, వచ్చేదాన్ని చూపించే ఏర్పాటు దాన్లో లేదు.

మహాసంతకి మాత్రం అన్నీ కనబడ్డాయి. ఏ నెలలో ఎక్కడెక్కడ గుర్తు తెలియని కోతలు ఆగాయో, ఆ వెనకే ఎక్కడెక్కడ కొన్నవాళ్లు తగ్గారో, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఆ కోతల లెక్క యంత్రం పంపిందే.

శర్వాణి యంత్రంతో మళ్లీ షెడ్డుకొచ్చేటప్పటికి రెండు మరలు ఆగి ఉన్నాయి. నూకరత్నం ఆమెకి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, రాజు బొమ్మను తనే తెచ్చి పళ్లెం మీద నిలబెట్టింది.

తలపాగా పోయింది. ముఖం, భుజాలు, ఛాతీ పోయాయి. నడుము దగ్గర ఆగాల్సిన చీకటి ఆగలేదు. ధోవతిని మింగుతూ మళ్లీ మోకాళ్ల దాకా వచ్చింది.

"ఇదేటమ్మా, కొత్తగా?"

శర్వాణి తెర చదివింది.

"కొసరు సేవా రుసుం," అంది. "ప్రతి పెట్టెలోనూ వాళ్ల గోదాంలో ఒక బొంగరం పెడతారట. దానికి మన దగ్గర తీసుకుంటున్నారు."

"మా అత్త చేతివి మేమే పెట్టుకుంటాం. ఈ రుసుం మాకొద్దని సెప్పండి."

"కుదరదండీ. అమ్మినట్టు చూపించిన వస్తువు తప్ప పెట్టెలో ఇంకేదున్నా డ్రోన్ ఎత్తదు. బరువు గ్రాముతో సహా దానికి తెలుసు." ఆమె యంత్రం దీపం ఆపేసింది. "నా యంత్రమే చెప్పింది. నేను మీకు సాయం చేద్దామనే వచ్చాను, నూకరత్నం గారూ. నమ్మండి."

"నమ్మాను కాబట్టే కదమ్మా," అంది నూకరత్నం. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. అదుంటే శర్వాణికి కాస్త తేలికయ్యేది.

వెళ్లబోతూ శర్వాణి ఆ రాజు బొమ్మ కొంటానంది. నూకరత్నం వద్దనలేదు. ఆరు వందలూ నేరుగా చేతిలోకే అందుకుంది. ఏ వాటా తెగకుండా ఒక బొమ్మ అమ్ముడుపోయి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. బొమ్మను పాత చీరముక్కలో చుట్టి, అలవాటు కొద్దీ పక్కనున్న బుట్టలో చెయ్యి పెట్టింది. బుట్ట ఖాళీ. సింహాద్రత్త మర మీద దుమ్ము పట్టి ఉంది.

నూకరత్నం లోపలికి వెళ్లింది. నిన్న ఎవరో నచ్చలేదని వెనక్కి పంపిన పెట్టె అక్కడ విప్పి ఉంది. రానూపోనూ రవాణా ఆమె ఖాతాలోనే రాసిన పెట్టె అది. దాన్లోంచి నీలిరంగు ప్లాస్టిక్ బొంగరం తీసుకొచ్చి శర్వాణి అరచేతిలో పెట్టింది.

"ఏమనుకోకండమ్మా," అంది మొహం పక్కకి తిప్పుకుని. "ఇంట్లో ఇదే ఉంది. కొసరు లేకుండా ఎలాగ పంపుతాను?"