నల్ల గీతల కింద

"పదకొండోసారి!" అంటూ ఆ అమ్మాయి తిరస్కరణ లేఖను కౌంటర్ మీద కొట్టింది. నా స్టాంప్ ప్యాడ్ ఎగిరిపడింది.

"పన్నెండోది పెట్టుకోండి మేడమ్. ఫారాలకేం కరువు లేదు."

"మంత్రిగారు పన్ను సరిగ్గా కట్టారా అని అడిగితే, అది ఆయన సొంత విషయమా?"

"పన్ను వివరాలు ఎవరివైనా గోప్యమే. మీవైనా, నావైనా."

"మీవెవరడుగుతారు లెండి!"

పక్క సీట్లలో కిసుక్కుమన్నారు. ఆమె ఒక చిన్న దినపత్రికలో విలేకరి. తిరస్కరిస్తే పైకి అప్పీలు చేస్తుంది గనక మా పన్నుల ఆఫీసులో ఆమెకు పెట్టిన పేరు 'అప్పీలు'. ఏడాదిగా ఆమె సమాచార దరఖాస్తులన్నీ నా చేతుల మీదుగానే వెళ్లాయి. ప్రతిదాని మీదా ఆమె ఫోన్ నంబరుంది. నాకు కంఠతా వచ్చు. ఒక్కసారి కూడా చేయలేదు.

ఆ రోజు ఆమెకు ఇవ్వగలిగింది ఒకే కాగితం. మంత్రిగారి ఫైల్లోని నోట్ షీటు నకలు. తేదీలు ఉంచి మిగతాదంతా నల్ల మార్కర్‌తో కొట్టేయాలి. దాన్ని మళ్లీ జిరాక్స్ తీసి, ఆ జిరాక్సే ఇవ్వాలి. ఎందుకంటే మార్కర్ పూసిన కాగితాన్ని వెలుతురుకు పెడితే కింది అక్షరాలు కనబడతాయి. ఆ మార్కర్ కాగితాన్ని అదే సాయంత్రం సూపరింటెండెంట్ గారి ఎదుట మిషన్లో వేసి ముక్కలు చేయాలి.

బయట వాన. ఆమె తడిసిన జుట్టు విదిలించింది. ఒక చుక్క వచ్చి నా కళ్లజోడు మీద పడింది. ఆ చుక్క తుడుచుకుంటూనే కవరు అంటించి ఇచ్చేశాను.

నాలుగింటికి చూసుకుంటే నా దగ్గర మిగిలింది జిరాక్స్.

పైప్రాణాలు పైనే పోయాయి. పన్ను వివరాలు బయటపెడితే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, జైలు. ఇంట్లో నాలుగు నోళ్లాడేది నా జీతంతోనే. కాగితం అడుగున 'సరిచూశాను' అని సంతకం కూడా నాదే.

"ఏమయ్యా," లోపల్నుంచి సూపరింటెండెంట్ గారి గొంతు. "మంత్రిగారి పీఏ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఐదున్నరకి ఆ కాగితం నా కళ్లముందు ముక్కలవ్వాలి."

"అలాగే సార్," అన్నాను. 

వానలోనే స్కూటర్ తీశాను. పత్రికాఫీసు రెండో అంతస్తు. తలుపు తోశాను.

ఆమె కిటికీ దగ్గర నిలబడి ఉంది. కాగితం అద్దానికి ఆనించి ఉంది.

"చదివాను," అంది వెనక్కి తిరక్కుండానే. "మీరు?"

"చదవకుండా ఎలా కొట్టేస్తాను?"

"మరి ఇంత తెలిసీ అన్నం ఎలా సహిస్తోందండీ మీకు?"

"ఇవాళ్టిదాకా సహించింది."

ఆమె తిరిగి చూసింది. నా చొక్కా నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఇది రేపు వేస్తే ఊరు ఊరంతా గోలెత్తిపోతుంది," అంది.

"అవును."

"వారం తిరక్కుండా ఆయన పన్ను గొడవ మరిచిపోతారు. 'ఎవడు బయటపెట్టాడు' అన్నదే మిగుల్తుంది. ఆయన కుర్చీలోనే ఉంటాడు, మీరు జైల్లో ఉంటారు." కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "దొరికింది నాకొద్దు. హక్కుగా కావాలి. వెళ్లండి, ఐదయింది."

నేను తెచ్చిన జిరాక్స్ బల్ల మీద పెట్టాను. పక్కనే ఆమె ఫోన్ బోర్లా పడి ఉంది. ఫోటో తీసిందేమో! అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు.

ఐదూ ఇరవై ఎనిమిదికి సూపరింటెండెంట్ గారు కాగితాన్ని రెండు వేళ్లతో పైకెత్తారు. "ఇదేంటి, తడిసింది?"

"చెమట సార్."

"ఇంత చెమటా?"

"మంత్రిగారి ఫైలు కదా సార్."

ఆయన కూడా నుదురు తుడుచుకుని, మిషన్ బటన్ నొక్కారు.

ఆ తర్వాత నెలరోజులు పొద్దున్నే గుమ్మంలో పేపర్ పడ్డ శబ్దమైతే చాలు, ఉలిక్కిపడి లేచేవాణ్ణి. మొదటి పేజీ, చివరి పేజీ వెతికేవాణ్ణి. ఏమీ లేదు. ఆ తిరస్కరణ మీద ఆమె వేసిన అప్పీలు విచారణ రోజు మాత్రం వచ్చింది.

ఫైలు మోసుకుని సూపరింటెండెంట్ గారి వెనక కూర్చున్నాను. సమాచార కమిషనర్ గారు కళ్లజోడు సవరించుకున్నారు.

"ఇందులో ప్రజాప్రయోజనం ఉందంటున్నారు. ఆధారం చూపించండమ్మా. ఏదైనా చూశారా?"

 ఒక్క మాట చాలు, ఆమె గెలుస్తుంది. అదే మాటతో నేను మునుగుతాను.

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అందుకే ఇంకా భయమేసింది.

"చూపించడానికి నా దగ్గరేమీ లేదు సార్," అంది.

అప్పీలు కొట్టేశారు.

మెట్ల మీద ఆమెను అందుకునేసరికి నాకు ఆయాసం వచ్చింది. "నా వల్ల ఓడిపోయారు."

"ఓడిపోవడం అలవాటే లెండి. పన్నెండోది రాసుకుంటా."

"రాయకండి. మా కౌంటర్లో పచ్చ ఫారం ఉంటుంది. తన వివరాలు ఎవరికైనా ఇవ్వొచ్చని పన్ను కట్టే మనిషే సంతకం పెట్టే ఫారం. ఆయనే ఒప్పుకుంటే మేం దాచాల్సిందేం లేదు. రహస్యం కాదిది, గోడ మీద బోర్డుంది. ఎవరూ చదవరంతే."

ఆమె కళ్లు వెలిగాయి.

మర్నాడు ఆమె పత్రిక మొదటి పేజీలో ఖాళీ ఫారం. కింద ఒకే వాక్యం: 'మంత్రిగారూ, సంతకం ఇక్కడ.' రెండో రోజూ అదే. పదో రోజుకి సభల్లో జనం ఆ పేజీ ఊపడం మొదలుపెట్టారు. పంతొమ్మిదో రోజు మంత్రిగారు సంతకం పెట్టలేదు, రాజీనామా పెట్టారు. ఆ నల్ల గీతల కింద ఏముందో మాత్రం నేను మీక్కూడా చెప్పను.

ఆ సాయంత్రం ఆమె కౌంటర్ దగ్గరికొచ్చింది. "ఫోటో తీశానేమో అని ఒక్కసారైనా అడగలేదేం?"

"అడిగితే, మిమ్మల్ని నమ్మలేదని అర్థం కదండీ."

"తియ్యలేదు." కౌంటర్ మీదికి వంగింది. "మరి ఇవాళ దరఖాస్తు తేలేదు. ఇంక నాతో పనేం లేదా?"

మంత్రి ఫైలుకు కూడా ఇంత వణకలేదు. "మీ ఫోన్ నంబరు కావాలి."

"పదకొండు దరఖాస్తుల మీద ఉందిగా!"

"అది ఆఫీసుకిచ్చింది. నాకు మీరివ్వాలి."

ఆమె నా పెన్ను లాక్కుంది. నా అరచేయి తిప్పి, ఒక్కో అంకె నింపాదిగా రాసింది. పక్క సీట్లలో ఈసారి ఎవరూ నవ్వలేదు.