రూములో ఏడో మనిషి

"భూపేష్, ఈ మిషన్‌లో నువ్వు లేవప్పా."

కేశవయ్య సారు ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడంటే, బేరం కుదరని చీరను మడతపెట్టి పక్కకు తోసినట్టే. కర్నూల్లో ఆయన కొట్టు అలాంటిది మరి. కింద చీరలు, పైన సీక్రెట్ సర్వీస్.

ఎదురుగా ప్రదీప్‌కుమార్. హైదరాబాద్ ట్రైనింగు, ఇంట్లో కూడా కూలింగ్ గ్లాసెస్. చూడగానే భూపేష్‌కి ఒళ్లు మండింది.

సారు బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "ఓర్వకల్లు గుట్టల్లో మనోళ్లు టెస్ట్ చేస్తాండే రాడార్ డ్రాయింగులు మన మురళి గాడే కొట్టేసి పారిపోయినాడు. రేపు పొద్దున కడప లాడ్జిలో విదేశీ ముఠా చేతికి పోతాయి. ముఠాలో మన నాగజ్యోతి ఉండాది, కోడ్‌నేమ్ దానిమ్మ. ఆమె తమ మనిషే అనుకుంటాండారు వాళ్లు. రెయిడ్ లీడర్ ప్రదీప్."

"రెండేండ్లు నాగజ్యోతితో పనిచేసింది నేను సార్!"

"అందుకే వద్దంటాండా. ఆ పిల్ల పేరెత్తితే నీ మొగం మారిపోతాది. కల్లూరుకు పోయి సర్వర్ చూసుకో."

ప్రదీప్ నవ్వాడు. "డోంట్ వర్రీ బ్రదర్. ఆమెను నేను చూసుకుంటా."

చూసుకుంటాడంట!

కల్లూరులో స్టెబిలైజర్లు రిపేరు చేసే షాపు. దాని వెనక గదిలో 'మంతనం' సర్వర్. టీమ్ అంతా మెసేజీలు పంపుకునే సాఫ్ట్‌వేర్ అది, 2007లో లేటెస్ట్. భూపేష్ పోయేసరికే అందులోని మిషన్ చాట్ రూములోంచి అతని పేరు తీసేశారు. ఉసూరుమంటూ, తను ఎప్పుడో లాగిన్ అయి వదిలేసిన పాత సిస్టం ముందు కూర్చున్నాడు.

స్క్రీన్ మీద టింగుమని ఓ మెసేజ్. నాగజ్యోతిది. పౌడర్ డబ్బాలో దాచుకున్న గాడ్జెట్ నుంచి పంపింది: "ప్రదీప్, నువ్వుంటే నాకు ధైర్యం." పక్కనే ఓ స్మైలీ.

భూపేష్‌కి రెండేండ్లలో ఆమె పంపింది "ఓకే" ఒక్కటే. స్మైలీ కాదు కదా, పక్కన చుక్క కూడా పెట్టలేదు!

అప్పుడు తట్టింది. పేరు తీసేశారు కదా, మరి మెసేజ్ ఎలా వస్తోంది? రాసే డబ్బా మూసుకుపోయింది, చదవడానికి మాత్రం అడ్డేం లేదు. మంతనం లోపలికి వచ్చేటప్పుడే లిస్టు చూస్తుంది. ఒకసారి వచ్చాక మధ్యలో గెంటేసినా పట్టించుకోదు, వాడు లాగవుట్ అయ్యేదాకా అన్నీ చూపిస్తూనే ఉంటుంది. కర్నూలు బ్రాంచిలో లాగవుట్ అయ్యే అలవాటే ఎవడికీ లేదు. కరెంటు పోతే లాగిన్ తిప్పలు మళ్లీ పడాలని తలా ఒక ఇన్వర్టర్ కొనుక్కున్న బ్యాచ్ అది.

రిపోర్ట్ చేయాలి. చేస్తే ఆ స్మైలీలు కనపడవు. చేయలేదు. తిండి కూడా మానేసి కుళ్లుకుంటూ చదివాడు.

మర్నాడు పొద్దున ప్రదీప్ మెసేజ్: "ఏసేపు, బొజ్జన్న, మీరు దానిమ్మను ఎప్పుడూ చూడలేదు. ఫోటో అప్‌లోడ్ చేస్తున్నా. పొరపాటున కూడా ఆమెను కాల్చొద్దు."

అబ్బో, ఎంత ప్రేమో! భూపేష్ పళ్లు నూరుతూ మెసేజ్ కింద చూశాడు. చూసినవాళ్లు: ఏడుగురు.

రూములో ఉన్నది ఐదుగురు. సారు, ప్రదీప్, నాగజ్యోతి, ఏసేపు, బొజ్జన్న. దొంగతనంగా చదివేవాడు తను, ఆరు. మరి ఏడో మనిషి?

వేళ్లు మడిచి మళ్లీ లెక్కపెట్టాడు. తనకు ముందు రూములోంచి తీసేసింది ఒక్కణ్ణే. మురళి! డ్రాయింగులు కొట్టేసి, ఆఫీసు ల్యాప్‌టాప్‌తో సహా పారిపోయినవాడు. దానిమ్మ అనే మనిషి ముఠాలో ఉందని వాడికి తెలిసిపోయింది. వాడు ఆమెను ఎప్పుడూ చూడలేదు, రూములో కనపడేది కోడ్‌నేమే, అందుకే ఎవరో మాత్రం తెలీదు. ఆమెను పట్టుకున్నాకే పోదామని, రెయిడ్ సంగతి తెలిసినా ముఠా ఇంకా లాడ్జిలోనే ఉండుంటుంది. ఫోటో వస్తే తెలుస్తుంది. నాగజ్యోతిని అక్కడే చంపేస్తారు.

అప్‌లోడ్ నలభై శాతం.

రెయిడ్ వాళ్ల సెల్‌ఫోన్లన్నీ స్విచాఫ్. సారుకు చేశాడు.

"సార్, రూమును మురళి చదువుతాండాడు. సర్వర్ ఆపాల!"

"నీకెట్ల తెలుసప్పా?"

భూపేష్ ఫోను ఇంకో చెవికి మార్చాడు. "నేనూ... చదువుతాండా సార్. తీసేసినప్పటి నుంచి."

"సిగ్గులేదా? ప్రదీప్ మీద కుళ్లుతో రెయిడ్ చెడగొడతావా? సర్వర్ ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతాది!" ఫోన్ టక్కున పెట్టేశాడు.

డెబ్బై శాతం.

ఒక్క క్షణం పాపిష్టి ఆలోచన. ఊరికే కూర్చుంటే ప్రదీప్ గాడి మిషన్ తుస్సు. వాడి కూలింగ్ గ్లాసెస్ పగిలిపోతాయి. కానీ పోయేది నాగజ్యోతి ప్రాణం. వాడికి స్మైలీలు పంపినా సరే, ఆ పిల్ల బతికుండాలి!

మెయిన్ స్విచ్ ఆపాడు. ఇన్వర్టర్ కుయ్యిమని అందుకుంది. సర్వర్ నిక్షేపంగా నడుస్తోంది. తొంభై శాతం! ఇన్వర్టర్ బ్యాటరీ నట్టు బిగుసుకుపోయింది, స్పానర్ జారింది, వేలు చీరుకుంది. తొంభై తొమ్మిది! బ్యాటరీ వైరును రెండు చేతులతో పట్టుకుని పీకాడు.

నిప్పురవ్వలు. సర్వర్ ఆగిపోయింది.

వైరు మళ్లీ తగిలించి సర్వర్ ఆన్ చేశాడు. ఇప్పుడు అందరూ కొత్తగా లోపలికి రావాల్సిందే, లిస్టులో పేరుంటేనే. తను లాగిన్ కొట్టి చూశాడు.

'మీకు అనుమతి లేదు.'

తనకు లేదంటే మురళికీ లేదు! గెంటించుకుని అంత ఆనందపడ్డవాడు ఇంకొకడు ఉండడు.

గంట తర్వాత సారు ఫోన్. గొంతులో కోపం లేదు. "ప్రదీప్ ఫోటో మళ్లీ పంపినాడు, మనోళ్లకే చేరింది. ముఠా అంతా దొరికినారు, డ్రాయింగులు దొరికినాయి. మురళి గాడు పక్క గదిలో ల్యాప్‌టాప్‌ను కొడతాండాడంట, కనెక్ట్ అయితాలేదని! శానా గట్టి పని చేసినావప్పా. నీ పేరు రూములో మళ్లా చేర్చినా."

భూపేష్ దర్జాగా లాగిన్ అయ్యాడు. ఇక దొంగచాటు లేదు. చూపు స్క్రీన్‌కే అతుక్కుపోయింది.

టింగుమంది. నాగజ్యోతి: "థ్యాంక్స్ భూపేష్, ప్రాణం కాపాడినావు."

గుండె గాల్లో తేలింది. వెంటనే ఇంకో టింగు, మళ్లీ నాగజ్యోతే: "ప్రదీప్, ఈడ ఇప్పుడు భూపేష్ ఉండాడు. ఫోన్ చేస్తా."

ఆ తర్వాత రూములో చప్పుడు లేదు. భూపేష్‌కి మొదటిసారి పర్మిషన్‌తో కడుపు మండింది.