ఆరో నంబరు మంచం డిక్షనరీ

"టిబియా, ఫిబులా, టిబియా, ఫిబులా..."

వార్డు చివర బల్ల దగ్గర కూర్చుని ఆమె మోకాలి కింది ఎముకల పేర్లు బట్టీ పడుతోంది. నర్సింగ్ రెండో ఏడాది. అనాటమీలో ఇప్పటికే ఒకసారి తప్పింది.

"అలా జపం చేస్తే రావు సిస్టర్," అని ఆరో నంబరు మంచం మీంచి బొంగురు గొంతు వినిపించింది.

"మీరు డాక్టరా?"

"కాదు. అచ్చుతప్పులు దిద్దేవాణ్ని."

"అయితే ముందు మీ దుప్పటి దిద్దుకోండి."

అతను నవ్వబోయి దగ్గాడు. గొంతులో పుట్టిన కాన్సర్ నవ్వును కూడా సాంతం సాగనివ్వడం లేదు.

ప్రెస్సులో అతని పని పైకి చదవడం. అతను రాతప్రతి చూసి చదువుతుంటే, పక్కవాడు అచ్చుతో సరిచూసుకుంటాడు. నాలుగేళ్లపాటు ఒక లావుపాటి వైద్య నిఘంటువును అలా చదివాడు. జబ్బుల సంగతి తెలియదు గానీ, ఏ మాట ఎక్కడ పుట్టిందో మాత్రం తడుముకోకుండా చెప్పేవాడు.

"టిబియా అంటే లాటిన్‌లో పిల్లనగ్రోవి కూడా. పూర్వం జంతువుల కాలి ఎముకలు ఊదేవాళ్లట. ఫిబులా అంటే బట్టలకు పెట్టుకునే పిన్నీసు. పిల్లనగ్రోవి పక్కన పిన్నీసు. ఇక మర్చిపోతారా?"

మర్చిపోలేదు. మర్నాటి నుంచి మందులిచ్చే వేళకు ఒక మాట పట్టుకొచ్చేది. మజిల్ అంటే చిట్టెలుకట, చర్మం కింద అలా పరిగెడుతుందని. వెన్ను చివరి ఎముక కాక్సిక్స్ కోకిల ముక్కులా ఉంటుందట. ఆమె అతనికి డిక్షనరీ అని పేరు పెట్టింది.

"ప్యూపిల్?" అంది ఒక వాన సాయంత్రం.

"చిన్న బొమ్మ. ఎదుటివాళ్ల కంట్లో మన రూపం బొమ్మంత కనిపిస్తుందిగా. మనవాళ్లూ కనుపాప అన్నారు."

"నాకెప్పుడూ కనిపించలేదే."

"అంత దూరంలో నిలబడితే ఎలా కనిపిస్తుంది?"

ఆమె థర్మామీటరుతో దగ్గరికి వంగింది. కనిపించింది, తెల్ల టోపీ పెట్టుకున్న ఇంత చిన్న మనిషి. జ్వరం ఎంతుందో చూడకుండానే వెళ్లిపోయింది.

ఆ వారమే పెద్ద డాక్టరు చెప్పేశాడు. రేడియేషన్ పనిచేయలేదు. స్వరపేటిక మొత్తం తీసేయాలి. ప్రాణం దక్కొచ్చు. గొంతు దక్కదు.

ఆపరేషన్ ముందు రోజు ఆమె పుస్తకం లేకుండా వచ్చింది.

"లారింక్స్, అదే స్వరపేటిక, ఆ మాట ఎక్కడ పుట్టింది?"

"దాని మూలం మాత్రం తేలలేదని రాశారు. తేలేలోగా నాది పోతోంది."

"నాకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఇవాళే చెప్పండి."

అతను గోడవైపు తిరిగాడు. "రేపట్నుంచి మాట లేదు, పని లేదు. బతుకుతానో లేదో కూడా తెలీదు. అలాంటివాడు ఎవరికీ ఏమీ చెప్పకూడదు సిస్టర్. వెళ్లి చదువుకోండి."

వెళ్లింది. మందుల గదిలో సీసాల ముందు నిలబడి ఏడ్చింది.

మర్నాడు థియేటర్ తలుపు దగ్గర ప్రశ్నలు అడిగే వంతు ఆమెకే పడింది. లోపలికి తీసుకెళ్లే ముందు ప్రతి రోగి చేతా నోటితో చెప్పించాలి. తలూపితే చాలదు. ఇంటివాళ్లు విని సంతకం పెట్టాలి. అతని తల్లి చక్రాల మంచం అంచు పట్టుకుని నిలబడింది.

"మీ పేరు?"

చెప్పాడు.

"ఏ ఆపరేషన్?"

"గొంతు తీసేస్తారు."

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఫారంలో చివరి ప్రశ్న మిగిలింది. "అడగాల్సింది ఏమైనా ఉందా?" అని ఆమె తల ఎత్తకుండా చదివింది.

ఆ ప్రశ్న ఎదురుగా లేదు అని రాయబోయింది.

"ఉంది. మాట్లాడలేనివాడితో రోజూ పోట్లాడాలంటే నీకు విసుగు రాదూ? ప్రతిసారీ నువ్వే గెలుస్తావు."

మొదటిసారి నువ్వు అన్నాడు. పెన్ను కాగితం మీదే ఆగిపోయింది.

"పలక మీద రాయండి. పెద్దపెద్ద అక్షరాలతో తిట్టండి. నేను చదువుకుంటాను. విసుగు రాదు."

"బతక్కపోతే?"

"ఎన్నాళ్లుంటే అన్నాళ్లు."

అతను కళ్లు మూసుకున్నాడు. ప్రశ్న అడిగారు, జవాబు చెప్పారు అన్న రెండు గడుల్లోనూ ఆమె టిక్కులు పెట్టింది. రెండోది వంకరగా పడింది.

తల్లి చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వు తల్లీ. నేను విన్నాను. సంతకం ఎక్కడ పెట్టాలి?"

నెలరోజులుగా ఆ పెద్దావిడను సిస్టర్ అమ్మా అనే పిలుస్తోంది.

"ఇక్కడ, అత్తయ్యా."

తలుపులు తెరుచుకున్నాయి. అతను ఇంకేదో అన్నాడు గానీ, అప్పటికే చక్రాలు కదిలాయి. ఆ చప్పుడులో ఆడవాళ్లిద్దరికీ వినపడలేదు.