బాంబూఫ్లాట్‌లో యూరప్ సెట్టింగ్

"రిసార్టు ఓనర్ విక్టర్ చేతిలో ఉన్నది ఆడుకునే సెట్టు కాదు," అంది సత్యవాణి, కిటికీ రెక్క మూస్తూ.

హార్బర్‌కి ఇవతలి ఒడ్డున డెలానీపూర్‌లో ఆమె ఉండే క్వార్టర్సు మామూలు ఉద్యోగస్తుల ఇల్లులాగే ఉంటుంది. బాల్కనీలో ఆరేసిన చీరలు, వంటింట్లో కుక్కర్ కూతలు. ఆ కూతల చాటున ఇంటెలిజెన్స్ బ్రీఫింగులు జరుగుతాయని పక్కింటివాళ్లకు తెలియదు. ఏజెంట్ మోహన్‌కృష్ణ కుర్చీ ముందుకు జరుపుకుని వింటున్నాడు.

"రేడియో కంట్రోల్ బొమ్మ విమానాలు ఎగరేసే ఈ ట్రాన్స్‌మిటర్ సెట్లకు ఒక్కో ప్రాంతంలో ఒక్కో పవర్ లిమిట్. సెట్టు మెనూలో రీజియన్ మారిస్తే పవర్ కూడా మారుతుంది. వాడి సెట్టులో యూరప్ అని పెడితే తక్కువ. అమెరికా అని పెడితే దానికి పదింతలు. పోయిన వారం వాడు పదింతలు పెట్టి ఎగరేస్తుంటే మన మానిటరింగ్ వాళ్లు పసిగట్టారు."

"గ్రౌండులో తిరిగే బొమ్మకు అంత పవర్ ఎందుకు మేడమ్?"

"హార్బర్ దాటించడానికి. రేపు అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్ గ్రౌండులో బొమ్మ విమానాల క్లబ్బు వాళ్లు ఎగరేసే రోజు. ఇవతలి జెట్టీలో మన సర్వే షిప్పు ఉంది. దాని డెక్కు మీద ట్రాకర్ పడేస్తాడు. షిప్పులో ఉన్న వాడి మనిషి దాన్ని తీసి దాచేస్తాడు. ఆ తర్వాత మన షిప్పు ఎక్కడికి వెళ్లినా వాడితో గూఢచర్యం చేయిస్తున్న వాళ్లకు ఇంట్లో కూచుని తెలుస్తుంది."

"ఎవరా మనిషి?"

"అదే తెలీదు. విమానాన్ని చూసి వాడు డెక్కు మీదికి రావాలి. విమానం మాత్రం డెక్కుని చేరకూడదు. ఆ సంగతి హరిత చూసుకుంటానంది."

మోహన్‌కృష్ణ మొహం చిట్లించాడు. హరిత మన ఏజెంటే. విక్టర్ రిసార్టులో మేనేజరుగా చేరి ఏడాదైంది. ఆమె తన మనిషేనని విక్టర్ నమ్మకం.

"ఇంతకీ ఆమె ఎవరి మనిషి మేడమ్?"

"నేనూ అదే ఆలోచిస్తున్నాను. ఈమధ్య రిపోర్టులు ఆలస్యంగా వస్తున్నాయి. విమానం షిప్పును చేరిందో, విక్టర్‌తో పాటు ఆమెనూ అరెస్టు చెయ్యి." సత్యవాణి ఒక పవర్ బ్యాంకు అందించింది. "నిజానికి ఇది సిగ్నల్ ఆపేసే జామర్. బటన్ నొక్కితే గాల్లో ఉన్న ప్రతి విమానమూ కూలుతుంది. కింద పిల్లలుంటారు. గత్యంతరం లేకపోతేనే నొక్కు."

మర్నాడు పొద్దున బాంబూఫ్లాట్ ఫెర్రీలో మోహన్‌కృష్ణ యూట్యూబర్ వేషంలో ఉన్నాడు. పెట్టుడు గెడ్డం, పూల టోపీ, మెడలో కెమెరా, భుజాన జామర్ ఉన్న బ్యాగు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న అమ్మాయి పక్కకొచ్చి నిలబడింది. ఫెర్రీలో సగం కళ్లు ఆమె మీదే ఉన్నాయి.

"భయ్యా, వీడియోలో మా కొబ్బరినీళ్లు చూపిస్తారా?"

"నీళ్లు వద్దు దీదీ, లేత కొబ్బరి చూపిస్తా."

కోడ్ కుదిరింది, ఆమే హరిత. కడుపే కుదురుగా లేదు. ఎన్నో ఆపరేషన్లు చేసిన మనిషికి సముద్రం పడదని డిపార్టుమెంటులో ఎవరికీ తెలియదు. బ్యాగు ఆమె చేతికిచ్చి రెయిలింగు మీదికి వంగాడు. మొహం తుడుచుకుని వచ్చేసరికి ఆమె తాపీగా చెప్పింది.

"సెట్లన్నీ టేబుల్ మీద పెట్టాలని క్లబ్బు రూలు సార్. నేనూ మెంబర్నే, ఇవాళ టేబుల్ డ్యూటీ నాది. వాడి వంతు వచ్చేలోపు రీజియన్ యూరప్‌కి మార్చేస్తాను. దగ్గర్లో బాగానే పనిచేస్తుంది కాబట్టి వాడికి తెలీదు. షిప్పు దాకా సిగ్నల్ చాలదు. సిగ్నల్ పోతే ఇంజన్ ఆగేలా ఉంటుంది, సముద్రంలో పడుతుంది."

"వాడు మెనూ తెరిచి చూస్తే?"

"నన్ను చంపేస్తాడు," అంది హరిత, నవ్వుతూనే.

చావు గురించి నవ్వుతూ మాట్లాడేవాళ్లంటే మోహన్‌కృష్ణకు మొదటి నుంచీ అనుమానమే.

గ్రౌండులో క్లబ్బు సెక్రటరీ అప్పయ్య మైకు మింగేసేలా అరుస్తున్నాడు. "అరే భాయ్, సెట్టు చేతిలో ఎవరూ ఉంచుకోకండి! టేబుల్ పే రఖో! పేరున్న క్లిప్పు పెట్టండి, వంతొచ్చాకే తీసుకోండి!"

పాతకాలంలో రెండు సెట్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఆన్ అయితే విమానాలు కూలేవి. అందుకని పెట్టిన పద్ధతి అది. కొత్త సెట్లకు ఆ బెడద లేదని ఎంతమంది చెప్పినా అప్పయ్య వినలేదు. విక్టర్ కూడా చెప్పి చూశాడు. అప్పయ్య అతని చేతిలోంచి సెట్టు లాక్కుని, బట్టల క్లిప్పు తగిలించి, హరిత ముందు పెట్టాడు. ప్లానంతా వేసుకొచ్చిన విక్టర్ లెక్కలో అప్పయ్య లేడు.

విక్టర్ వంతు వచ్చింది. సెట్టు అందుకుని స్క్రీన్ వైపు చూశాడు. తర్వాత హరిత వైపు చూసి కన్ను కొట్టాడు. ఆమె కూడా నవ్వింది. మోహన్‌కృష్ణ చెయ్యి బ్యాగులోని జామర్ మీదికి పోయింది.

విక్టర్ కాస్త దూరం నడిచి రెక్కలు కదిలించి చూశాడు. అన్నీ కదిలాయి. తెల్లటి విమానం లేచింది, పిల్లల విమానాల మీదుగా ఒక చుట్టు తిరిగింది, హార్బర్ వైపు మళ్లింది.

"డెక్కు ఖాళీగా ఉంది," చెవిలో షిప్పు దగ్గర మాటేసిన సత్యవాణి గొంతు.

విమానం ఫెర్రీని దాటింది. హార్బర్ మధ్యకొచ్చింది. ఆగలేదు.

"పడాలిగా?" గొణిగాడు మోహన్‌కృష్ణ.

"నీళ్ల మీద అడ్డేం లేదు కదా సార్, సిగ్నల్ ఇంకాస్త దూరం పోతుంది. ఆగండి," అంది పక్కనే టేబుల్ దగ్గరున్న హరిత.

ఎంత వాటంగా దొరికింది సాకు, అనుకున్నాడు. అతనికి ఒళ్లు మండింది, భయమూ వేసింది.

"షిప్పు వంటవాడు డెక్కు మీదికొచ్చాడు! ఆకాశంలోకి చూస్తున్నాడు. మోహన్, విమానం మీదికొచ్చేస్తోంది!" చెవిలో అరిచింది సత్యవాణి.

మోహన్‌కృష్ణ తలెత్తాడు. పిల్లల నెత్తిన మూడు విమానాలు గిరికీలు కొడుతున్నాయి. పళ్లు బిగించి బటన్ నొక్కాడు.

ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. పిల్లల విమానాలు హాయిగా తిరుగుతూనే ఉన్నాయి. తెల్ల విమానం షిప్పుకి మరీ దగ్గరైపోయింది.

ఉన్నట్టుండి దాని ఇంజన్ ఆగింది. ముక్కు వంచి, షిప్పుకి ఇవతలే నీళ్లలో పడింది. విక్టర్ సెట్టు మీద పిచ్చెత్తినట్టు మీటలు తిప్పాడు. పక్కన భేల్‌పూరీ అమ్మేవాళ్ల వేషంలో ఉన్న మన ఏజెంట్లిద్దరూ బండి వదిలేసి వచ్చి అతని చేతులు పట్టుకున్నారు. అటు షిప్పు మీద వంటవాడూ దొరికాడు.

తిరుగు ఫెర్రీ కోసం జెట్టీలో నిలబడి మోహన్‌కృష్ణ ఫోన్‌లో రిపోర్టు ఇచ్చాడు. "హరితను పూర్తిగా నమ్మాను మేడమ్. అందుకే జామర్ జోలికే పోలేదు."

పక్కనే ఉన్న హరిత అంతా విన్నది. ఫోన్ పెట్టేశాక నల్ల కళ్లద్దాలు తీసి, హ్యాండ్‌బ్యాగులోంచి ఒక బ్యాటరీ తీసి అతని అరచేతిలో పెట్టింది. "మీ జామర్‌ది సార్. పొద్దున మీరు వాంతి చేసుకుంటుంటే బ్యాగులో చూసి తీశాను. పిల్లల మీద విమానాలు పడతాయని భయమేసింది."

"అందుకేనా ఎంత నొక్కినా..." అని మోహన్‌కృష్ణ నాలుక కరుచుకున్నాడు.

హరిత అతన్ని తేరిపార చూసింది.

"ఎన్నిసార్లు నొక్కారు సార్?"