ఎర్విన్ పేరు ఎదుటి సంతకం

మిల్వాకీలో బుధవారం మధ్యాహ్నం ఆటకి వచ్చేది ఎక్కువగా ముసలివాళ్ళే. వాళ్ళకి ఎర్విన్ హాస్కెల్ అంటే ప్రాణం. నలభై ఏళ్ళ రంగస్థలం, ఇరవై సినిమాలు, ఇంటినిండా బహుమతులు. డెబ్భై నాలుగేళ్ళు వచ్చాక మాత్రం, పాపం, డైలాగులు జారిపోతున్నాయి, టైము గుర్తుండటం లేదు. ఇప్పటికి రెండుసార్లు ఆలస్యంగా వచ్చాడు. మూడోసారి జరిగితే వేషం ఇంకొకరికి ఇచ్చేస్తానని స్టేజి మేనేజరు మొహం మీదే చెప్పేసింది.

వేషం పోతే ఎర్విన్ బతకడని లోరైన్ క్రూగర్ భయం. నాటకాల్లో అతని భార్యగా వేసీ వేసీ ఆవిడకీ తల నెరిసింది.

స్టేజి వెనక తలుపు పక్కన గోడకి ఒక కాగితం ఉంటుంది. ఆటకి అరగంట ముందు ప్రతి నటుడూ వచ్చి తన పేరు ఎదుట పొట్టి సంతకం పెట్టాలి. ఎవరిది వాళ్ళే పెట్టాలి. ఒకరిది ఇంకొకరు పెట్టడం ఆ వృత్తిలో మహాపాపం.

ఒంటిగంటా ఇరవై తొమ్మిది. ఎర్విన్ గడి ఖాళీగా ఉంది.

"మీ ఆయన ఇంకా దిగలేదేం మేడమ్?" అన్నాడు తలుపు కాసే ఓటిస్. "మంచులో కారాపుకుని కునుకు తీస్తున్నాడేమో!"

"నోటికొచ్చినట్టు వాగకు. వెళ్ళి కాఫీ పట్రా."

అతను అటు తిరగ్గానే లోరైన్ పెన్ను తీసింది. నాకు ఆలస్యమైతే ఎర్విన్ కూడా ఇదే చేస్తాడు, అనుకుంది. ఎర్విన్ పేరు ఎదుట గబగబా గీకేసింది. అలవాటు కొద్దీ చివర తన సంతకంలో ఉండే వంకీ ఒకటి పడింది.

సంతకం ఉంది కాబట్టి అతన్ని ఎవరూ వెతకలేదు. లోరైన్ ఫోన్ చేస్తే ఎత్తలేదు. తెర లేచింది. రెండో అంకంలో భర్త వానలో తడిసి ఇంటికొస్తాడు. ఆవిడ తలుపు వంకే చూస్తుండగా అది తెరుచుకుంది.

ఎర్విన్ వచ్చాడు!

ఒక్క మాట తప్పలేదు. జనం ఊపిరి బిగబట్టి చూశారు. కానీ అతని చెయ్యి... మంచుగడ్డ. నాటకంలో వాన చప్పుడే గానీ నీళ్ళుండవు. అతని కోటు మాత్రం కారుతోంది. సబ్బు వాసన.

జనానికి వీపు తిప్పి గుసగుసగా అన్నాడు. "ఎందుకు పెట్టావు, లోరైన్? వెళ్ళిపోతున్నవాణ్ణి... వెనక్కి రావాల్సొచ్చింది."

తెర పడింది. పక్కన ఎర్విన్ లేడు. ఓటిస్ పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్... ఎర్విన్ గారి చెల్లెలు ఫోన్ చేసింది. పొద్దున ఆరింటికే... స్నానాల తొట్టిలో..."

ఇద్దరూ స్టేజి కేసి చూశారు. చెక్కల మీద తడి పాదాలు.

గురువారం ఎర్విన్ పేరు కొట్టేశారు. కోటు తొడుక్కున్నది కొత్త నటుడే. కానీ చెయ్యి పట్టుకోగానే లోరైన్‌కి తెలిసిపోయింది. అదే చలి, అదే వాసన.

"పంపించెయ్, లోరైన్..."

ఆట అయ్యాక చూస్తే కొట్టేసిన పేరు ఎదుట సంతకం. చివర ఆవిడ వంకీ. పెట్టింది ఆవిడ కాదు. కాగితం చింపేసింది. శుక్రవారం కొత్త కాగితంలో మళ్ళీ అదే వంకీ. ఓటిస్ దగ్గర ఏడుస్తూ తప్పంతా ఒప్పుకుంది. అతను మాత్రం ఏం చేస్తాడు? ఆ కాగితంలో రావడానికే గడి ఉంది. వెళ్ళడానికి లేదు.

శనివారం ఆవిడ గడప దాటలేదు. వృత్తిలోకి వచ్చాక ఒక్క ఆట ఎగ్గొట్టని మనిషి, గొళ్ళెం పెట్టుకుని దుప్పటి కప్పుకుని కూర్చుంది. చివరికి ఆట వేళకి ధైర్యం కూడగట్టుకుని ఫోన్ చేసింది.

"ఓటిస్, నేను రాలేను. నా వేషం ఇంకెవరికైనా..."

"ఎవరూ... మేడమా?" అతని గొంతు సన్నబడింది. "మీరు లోపలే ఉన్నారు కదా. మీ పేరు ఎదుట సంతకం ఉంది."

"నేను పెట్టలేదయ్యా! రాత ఎవరిదో చూడు."

కాగితం గరగరలాడింది.

"ఎర్విన్ గారిది."

అతని వెనక గోడ స్పీకర్లోంచి చప్పట్లు వినిపించాయి. తెర లేచింది. మొదటి డైలాగు లోరైన్‌దే.

ఓటిస్, అని కేక వెయ్యబోయింది. గొంతు పెగల్లేదు. అక్కడ స్టేజి మీద మాత్రం ఆవిడ గొంతు ఖంగుమంటోంది.